తీపి చెర్రీకి తడితోనే పేచీ

పెరట్లో పెట్టిన తీపి చెర్రీ మూడో ఏడో నాలుగో ఏడో నిలువునా ఎండిపోతే ఎవరికైనా ముందు తట్టేది నీళ్ళు చాల్లేదేమోనని. చాలాసార్లు జరిగేది దానికి సరిగ్గా ఎదురు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచి, అవి ఊపిరాడక కుళ్ళిపోతాయి. లేదంటే ముసురు రోజుల్లో కొమ్మ కోసిన చోట పుండు పడి, అది మొదలు చుట్టూ పాకుతుంది. ఈ రెండూ దాటి కాపుకొచ్చిన చెట్టుకి కూడా పూత మీద వాన పడితే కుళ్ళు, పండు మీద వాన పడితే పగుళ్ళు. నీళ్ళు కావాలి, కానీ వేళ్ళకే కావాలి, అవీ ఇంకిపోవాలి. చోటు ఎంచుకోవడం దగ్గర్నుంచి పండు కోసేదాకా ఏ పని ఎప్పుడు చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో చాలావరకు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

తడి సంగతికంటే ముందు చలి లెక్క చూసుకోవాలి. చెర్రీ మొగ్గలు చలికాలంలో నిద్రపోతాయి. ఆ నిద్ర చాలినంత పడితేనే వసంతంలో సరిగ్గా విచ్చుకుంటాయి. సుమారుగా 0 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ మధ్య గడిచిన గంటలతో దీన్ని లెక్కగడతారు. బింగ్, రైనియర్ లాంటి పేరున్న రకాలకి 700 గంటలకు పైనే కావాలి. లాపిన్స్ కొంత తక్కువతో సరిపెట్టుకుంటుంది. మిన్నీ రాయల్, రాయల్ లీ అనే రెండు రకాలు 300 గంటల చుట్టుపక్కల చలికే పూస్తాయి. కాకపోతే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అందితేనే కాస్తాయి కాబట్టి వాటిని జంటగా నాటాలి. చలి చాలని చెట్టుని ఇట్టే పోల్చుకోవచ్చు. ఆకు ఆలస్యంగా, అక్కడో గుత్తి ఇక్కడో గుత్తిగా వేస్తుంది. పూత ఒక్కసారి రాకుండా వారాల తరబడి సాగుతుంది. పిందె నిలవదు. చెట్టు మొదలు దగ్గర ఐసు ముక్కలు పోస్తే సరిపోతుందని కొందరు నమ్ముతారు. చలిని లెక్కపెట్టుకునేవి మొగ్గలు, వేళ్ళు కావు, కాబట్టి ఐసు వల్ల లాభం లేదు. చలికాలమంటూ లేని చోట తీపి చెర్రీ జోలికి పోకపోవడమే మంచిది. పచ్చగా ఎదుగుతుంది గానీ కాయదు.

ఇక రకం. తీపి చెర్రీల్లో ఎక్కువ రకాలకి తమ పుప్పొడి తమకి పనికిరాదు. అంతేకాదు, కొన్ని రకాల పుప్పొడి ఒకదానికొకటి కూడా పనికిరాదు. బింగ్, లాంబర్ట్, నెపోలియన్ మూడూ ఒకే గుంపు. ఈ మూడూ పక్కపక్కనే నాటినా విరగబూస్తాయి గానీ కాయవు. బింగ్ పెట్టాలంటే దగ్గర్లో వాన్, రైనియర్, స్టెల్లా లాంటి వేరే గుంపు రకం ఉండాలి, రెండూ ఒకే సమయంలో పూయాలి, మధ్య దూరం 30 మీటర్లు మించకపోతే మేలు. పుల్ల చెర్రీ సాధారణంగా ఆలస్యంగా పూస్తుంది, దాన్ని నమ్ముకోకండి. ఒక్క చెట్టుకే చోటున్నవాళ్ళు తన పుప్పొడితో తానే కాసే రకం తీసుకోవాలి. వీటిలో మొదట పేరు తెచ్చుకున్నది స్టెల్లా. కెనడాలోని సమ్మర్‌లాండ్ పరిశోధన కేంద్రం నుంచి 1968లో వచ్చింది. అక్కడిదే లాపిన్స్. నన్నడిగితే పెరటికి లాపిన్స్. కాయ పెద్దది, కాపు నమ్మకమైంది, వానకి బింగ్ అంత తేలిగ్గా పగలదు.

నర్సరీలో పండు పేరు అడిగి ఊరుకోకూడదు, అంటు దేని మీద కట్టారో కూడా అడగాలి. చెట్టు ఎత్తుని, కాపుకొచ్చే ఏడుని, ఎలాంటి నేలని తట్టుకుంటుందన్నదాన్ని నిర్ణయించేది ఆ కింది వేరుమొక్కే. మజార్డ్ అనే వేరుమొక్క మీద కట్టిన చెట్టు 10 మీటర్లదాకా పోతుంది, కాపుకి ఐదారేళ్ళు పడుతుంది. మహలెబ్ తేలిక నేలల్లో బాగుంటుంది, బంకమట్టిలో నీళ్ళు నిలిస్తే అన్నిటికంటే ముందు పోయేది అదే. జర్మనీలోని గీసెన్‌లో తయారైన గిసెలా 5 మీద చెట్టు అందులో సగానికంటే తక్కువ ఎత్తుకే, 3, 4 మీటర్లకే ఆగుతుంది, మూడో ఏటే కాయలు చూపిస్తుంది. ఎత్తు మాట తేలిగ్గా తీసుకోకండి. చెర్రీకి పిట్టల కోసం వల కప్పాలి, వానకి పందిరి వెయ్యాలి, 10 మీటర్ల చెట్టుకి ఈ రెండూ అయ్యే పనులు కావు. ఆ లెక్కన పెరటికి గిసెలా 5 నాకు మొదటి ఎంపిక. ఒప్పుకోవాల్సిన షరతులు రెండున్నాయి. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి బతికినన్నాళ్ళూ ఊతకర్ర కావాలి, నీళ్ళు తప్పకూడదు. విత్తనం నాటి పెంచడం మాత్రం వద్దు. తల్లిలాంటి పండు రాదు, ఏళ్ళు వృథా.

చోటు విషయంలో తొందర పనికిరాదు. రోజుకి 8 గంటలు ఎండ తగలాలి, గాలి ఆడాలి. పల్లపు మూల వద్దు, చల్లగాలి అక్కడికే దిగి పూతని మాడ్చేస్తుంది. నేల ఉదజని సూచిక (pH) 6.0 నుంచి 7.0 మధ్య ఉంటే సరి. నీరు ఎలా ఇంకుతుందో పరీక్షించకుండా మాత్రం మొక్క కొనకండి. 60 సెంటీమీటర్ల లోతు, 30 వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోసి ఇంకిపోనివ్వండి. వెంటనే మళ్ళీ నింపి, ఈసారి ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. గంటకి 2, 3 సెంటీమీటర్లు దిగితే నేల పనికొస్తుంది. మర్నాటికీ నీళ్ళు కనబడితే అక్కడ నేల మట్టంలో చెర్రీ బతకదు. అలాంటి చోట లోతుగా తవ్వి ఇసుక, ఎరువు నింపడం పెద్ద పొరపాటు. చుట్టూ బంకమట్టి, మధ్యలో వదులు మట్టి ఉంటే ఆ గొయ్యి తొట్టిలా పనిచేసి, వాన నీళ్ళన్నీ తెచ్చి వేళ్ళ దగ్గరే పెడుతుంది. తవ్వడం మాని, పైమట్టి పోగుచేసి 30, 45 సెంటీమీటర్ల ఎత్తు, మీటరున్నర వెడల్పు దిబ్బ వేసి దాని మీద నాటాలి. ఇంకో మాట: అంతకుముందు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెంచిన మడిలో పెట్టకండి. వాటి వెర్టిసిలియం వడలు తెగులు మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండి చెర్రీకీ సోకుతుంది. పాత చెర్రీ, ప్లమ్, పీచ్ చెట్టు తీసేసిన గోతిలో కూడా వద్దు.

వేళ్ళకి మట్టి లేకుండా వచ్చే అంటు మొక్కని చలికాలం చివర, మొగ్గ కదలకముందే నాటాలి. వేళ్ళని గంట, రెండు గంటలు నీళ్ళలో ఉంచితే చాలు. విరిగిన, నలిగిన వేళ్ళు శుభ్రంగా కత్తిరించండి. గొయ్యి వేళ్ళు పట్టేంత లోతు, దానికి రెండింతల వెడల్పు ఉంటే చాలు, అంతకంటే లోతు తీస్తే మట్టి దిగి మొక్క కూడా దిగిపోతుంది. గోతిలో పశువుల ఎరువు గానీ రసాయన ఎరువు గానీ వెయ్యకూడదు, కొత్త వేళ్ళు మాడతాయి. అంటు కట్టిన చోట, మొదలు దగ్గర చిన్న వంపు, ఉబ్బు కనిపిస్తుంది. అది నేల మట్టానికి 7 నుంచి 10 సెంటీమీటర్లు పైన ఉండాలి. అది మట్టిలో పూడితే పై రకం సొంతంగా వేళ్ళు వేసుకుంటుంది, పొట్టి వేరుమొక్క కొన్న డబ్బు వృథా అయి చెట్టు ఆకాశాన్నంటుతుంది. తడి మట్టి ఆనిన మొదలుకి కుళ్ళు పట్టే భయం అదనం. మట్టి పూడ్చాక కాలితో గట్టిగా తొక్కకుండా, 10 నుంచి 15 లీటర్ల నీళ్ళు నిదానంగా పోసి సర్దుకోనివ్వండి. తర్వాత 7, 8 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టు గానీ ఎండుగడ్డి గానీ పరచండి, మొదలు చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలండి. చలికాలపు ఎండకి మొదలు బెరడు చిట్లకుండా నీళ్ళలో సగానికి సగం కలిపిన తెల్ల లేటెక్స్ పెయింటు పూస్తే మంచిది.

మొదటి వేసవి అంతా వారానికి 15, 20 లీటర్లు ఒకేసారి, లోతుగా దిగేలా పెట్టాలి. పెట్టే ముందు వేలితో 10 సెంటీమీటర్ల లోతున మట్టి చూడండి. చల్లగా తడిగా ఉంటే ఆ పూట వద్దు. పాదు మొదలుకి ఆనుకుని కాదు, అడుగున్నర దూరంలో ఉండాలి. ఆకుల మీదా మొదలు మీదా చిమ్మే స్ప్రింక్లర్లు చెర్రీకి పగవాళ్ళ కింద లెక్క.

నాటిన వెంటనే మొక్కని 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఒక మంచి మొగ్గ పైన కత్తిరించాలి. అందుకు మనసొప్పదు గానీ, వదిలేస్తే చెర్రీ కర్రలా పైకే పోతుంది. దాని స్వభావమే అంత, కొస మొగ్గ కింది మొగ్గల్ని నిద్రలేవనివ్వదు. కత్తిరించాక పైన నాలుగైదు చిగుళ్ళు వస్తాయి, అవీ నిటారుగానే. అవి 8, 10 సెంటీమీటర్లున్నప్పుడు, ఇంకా లేతగా ఉండగానే, బట్టలారేసే క్లిప్పొకటి మొదలుకి పెట్టి దాని రెండో కొసతో చిగురుని కిందికి వంచండి. రెండు, మూడు వారాలకి అది ఆ కోణంలోనే గట్టిపడుతుంది. మొదలుకి 60 డిగ్రీల దాకా ఎడంగా ఉన్న కొమ్మ బరువు మోస్తుంది, తొందరగా కాపుకొస్తుంది. ఇరుకు కోణంలో పుట్టిన కొమ్మకీ మొదలుకీ మధ్య బెరడు ఇరుక్కుపోతుంది. ఆ సందులో తడి నిలుస్తుంది, పుండు మొదలయ్యేది అక్కడే. ఇంకో నాలుగేళ్ళకి కాయల బరువుకి చీలేది కూడా అక్కడే.

పెద్ద కత్తిరింపులన్నీ వేసవిలో, కోత అయ్యాక, వచ్చే మూడు నాలుగు రోజులు వాన లేదని చూసుకుని చెయ్యాలి. ఆపిల్‌కి చేసినట్టు చలికాలపు చెమ్మలో చెర్రీని కోస్తే బ్యాక్టీరియా పుండు తెగులుకి తలుపు తీసినట్టే. సూడోమోనాస్ సిరింజే అనే ఆ బ్యాక్టీరియా ఆకుల మీదా మొగ్గల మీదా ఎప్పుడూ ఉండేదే. తడి గాయం దొరికితే బెరడు కిందికి దిగి, చెట్టు నిద్రలో ఉన్న చలికాలమంతా పాకుతుంది. వసంతంలో ఆ కొమ్మ చిగురించదు, లేదా చిగురించి ఒక్కసారిగా వాడిపోతుంది. వెండి ఆకు తెగులు శిలీంధ్రం కూడా తడి కోతలగుండానే వస్తుంది. కోతల మీద పెయింటు పూయకండి, లోపల చెమ్మ నిలిచి ఇంకా చేటు. కత్తెరని చెట్టుకీ చెట్టుకీ మధ్య 70 శాతం ఆల్కహాలుతో తుడవండి.

బంక కారడం చూసి బెంబేలెత్తే ముందు ఒకసారి దగ్గరికెళ్ళి చూడాలి. చెర్రీ ఏ దెబ్బ తగిలినా బంక కారుస్తుంది, బంక ఒక్కటే తెగులు కాదు. తేనె రంగులో తేటగా ఉండి, కింద బెరడు గట్టిగా, మట్టంగా ఉంటే అది గాయమో ఒత్తిడో, మానిపోతుంది. బంకలో రంపప్పొట్టులాంటి పొడి కలిసి ఉంటే లోపల కాండం తొలిచే పురుగుంది. బెరడు గుంటపడి, నల్లబడి, గోటితో కొద్దిగా గీకితే కింద పచ్చదనం బదులు గోధుమరంగు కనబడి, పులిసిన వాసన వస్తే అది పుండు తెగులు. ఆ కొమ్మని వేసవి పొడి రోజున, గోధుమరంగు ఆగిన చోటుకి 20, 30 సెంటీమీటర్లు కింద కోసి, ముక్కల్ని పెరట్లో ఉంచకుండా తీసెయ్యాలి. మొదలు చుట్టూ సగానికి పైగా పాకిందంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాలి.

ఎరువుకి కొలబద్ద చెట్టు దగ్గరే ఉంది. ఆ ఏడు కొత్తగా వచ్చిన రెమ్మల పొడవు కొలవండి. కాపుకి రాని చెట్టుకి 60 నుంచి 90 సెంటీమీటర్లు, కాసే చెట్టుకి 25, 30 ఉంటే ఏమీ వెయ్యనక్కర్లేదు. తక్కువైతే వసంతం మొదట్లో కొమ్మల అంచు కింద రెండు, మూడు సెంటీమీటర్ల మందాన చివికిన ఎరువు చల్లండి. నత్రజని ఎక్కువైతే రెమ్మ మెత్తగా పెరిగి, చలికి ముందు ముదరక, పేనుబంకకీ పుండు తెగులుకీ చిక్కుతుంది. నడి వేసవి తర్వాత ఏ ఎరువూ వద్దు.

రెండేళ్ళూ ఆపైన వయసున్న కొమ్మల మీద పొట్టి పొట్టి కణుపుల్లా కాపు రెమ్మలు కడతాయి. వాటి మీద గుత్తిగా ఉన్న గుండ్రటి మొగ్గలు పూలవి, మధ్యలో సన్నగా కొసదేరినది ఆకుది. ఈ కాపు రెమ్మలు పదేళ్ళదాకా కాస్తాయి, అందుకే వాటిని విరగ్గొట్టుకోకూడదు. పూత విచ్చుకున్నాక ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీలకి దిగితే పదో వంతు పూలు పోతాయి, మైనస్ 4కి దాదాపు అన్నీ పోతాయి. మంచు పడే రాత్రి పొట్టి చెట్టుని దుప్పటితో నేలదాకా కప్పి పొద్దున్నే తీసెయ్యండి, తేనెటీగలు రావాలి కదా. మర్నాడు నష్టం తెలియాలంటే నాలుగైదు పూలని బ్లేడుతో నిలువుగా చీల్చి మధ్యలోని కీలాన్ని చూడండి. లేత పచ్చగా ఉంటే బతికుంది, నల్లబడితే పోయింది. తెల్ల రేకులు చక్కగా ఉన్నా లోపల నల్లబడి ఉండొచ్చు. చలి, ముసురు రోజుల్లో తేనెటీగలు బయటికి రావు. చెర్రీ పువ్వు ఫలదీకరణకి పనికొచ్చే గడువు నాలుగైదు రోజులే కాబట్టి ఆ వారం వాతావరణమే ఆ ఏటి కాపు. పూత తర్వాత మూడు, నాలుగు వారాలకి చిన్న పిందెలు పసుపుబారి రాలితే అవి పుప్పొడి అందనివి, మందు కొట్టి ఆపేది కాదు.

పూత మీద తడి నిలిస్తే మోనిలీనియా అనే శిలీంధ్రం వల్ల కుళ్ళు పట్టి పూలు గోధుమరంగులో ఎండి కొమ్మకే అతుక్కుంటాయి. పండినప్పుడు అదే శిలీంధ్రం బూడిదరంగు బొడిపెలతో పండుని చుట్టేస్తుంది. నిరుడు ఎండిపోయి చెట్టుకి వేలాడుతున్న పళ్ళే దీనికి పుట్టిల్లు. చలికాలంలో ఒక్కటి మిగలకుండా ఏరెయ్యండి, ఈ ఒక్క పనితో సగం బెడద తగ్గుతుంది.

కాయ ఆకుపచ్చ నుంచి గడ్డి రంగుకి తిరిగినప్పటి నుంచి కోతదాకా వానంటేనే భయం. పలచటి తొక్కగుండా, తొడిమ దగ్గరి గుంటలో నిలిచిన నీరు నేరుగా పండులోకి ఇంకుతుంది. లోపల చక్కెర ఎంత ఎక్కువుంటే అంత వేగంగా లాగుతుంది, తొక్క సాగలేక పగులుతుంది. బాగా ఎండగట్టిన చెట్టుకి ఒక్కసారిగా నీళ్ళు పారిస్తే కూడా ఇదే గతి, ఇక్కడ నీరు వేరు నుంచి వస్తుంది. అందుకే ఆఖరి మూడు వారాలు కొద్దికొద్దిగా, తప్పకుండా తడి ఇవ్వాలి. వాన వెలిసిన వెంటనే కొమ్మలు మెల్లగా ఊపి నీళ్ళు రాల్చండి. వీలైతే చెట్టు మీద ప్లాస్టిక్ పందిరి వేసి పక్కలు తెరిచి ఉంచండి. పక్కలు కూడా మూసేస్తే లోపల ఉక్కకి కుళ్ళు ఎక్కువవుతుంది.

పురుగుల్లో నల్ల పేనుబంక లేత ఆకుల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. చీమలు వాటిని కాపలా కాస్తాయి, మొదలుకి జిగురు పట్టీ కట్టి చీమల్ని ఆపితే మిగతా పని అక్షింతల పురుగులే చూసుకుంటాయి. చెర్రీ పండు ఈగ, కాయ పసుపుకి తిరిగేటప్పుడు గుడ్డు పెడుతుంది. పసుపు జిగురు అట్టలు అంతకు వారం ముందే వేలాడదీయాలి. దీని పిల్ల పురుగులు రాలిన పండులోంచి మట్టిలోకి దిగి మరుసటి ఏడు లేస్తాయి కాబట్టి రాలిన పళ్ళు రోజూ ఏరాలి. మచ్చరెక్కల ఈగ ఇంకా మొండిది, పగలని మంచి పండులోనే గుడ్డు పెట్టగలదు. దానికి 1 మిల్లీమీటరు కన్నా సన్న కన్నుల వల తప్ప నమ్మదగిన అడ్డు లేదు. ఆ వల కాయ రంగు తిరగకముందే నేలదాకా దించి కట్టేస్తే పిట్టలకీ అదే సరిపోతుంది. అనుమానముంటే గుప్పెడు పళ్ళని లీటరు నీళ్ళకి నాలుగు పెద్ద చెంచాల ఉప్పు కలిపి పావుగంట వెయ్యండి, లోపల పురుగులుంటే బయటికొస్తాయి.

చెర్రీ కోశాక తియ్యబడదు. ఆపిల్, అరటిలా మాగబెట్టే పండు కాదు, కాబట్టి రంగు చూసి కాదు, రుచి చూసి కొయ్యండి. ఎర్రబడ్డాక ఇంకో వారం ఆగితే పరిమాణం, తీపి రెండూ పెరుగుతాయి. పొద్దున్నే, మంచు ఆరిపోయాక, తొడిమని పట్టుకుని పైకి మెలితిప్పి కొయ్యాలి. పండు పట్టుకుని లాగితే తొడిమ ఊడి రసం కారుతుంది, కిందికి గుంజితే కాపు రెమ్మే విరుగుతుంది. కడగకుండా, తొడిమలతోనే, చిల్లుల కవర్లో ఫ్రిజ్‌లో పెడితే వారం పైగా ఉంటాయి. తినే ముందే కడగండి. గింజలు పగలగొట్టి తినకూడదు, వాడిన ఆకులు మేకలకి, పశువులకి వెయ్యకూడదు. రెండిట్లోనూ సైనైడ్‌ని పుట్టించే పదార్థాలుంటాయి.

కోత అయిందని నీళ్ళు మానేస్తారు చాలామంది. వచ్చే ఏటి పూమొగ్గలు లోపల రూపుదిద్దుకునేది సరిగ్గా ఆ వేసవి వారాల్లోనే. అప్పుడు 30 డిగ్రీలు దాటిన ఎండకి చెట్టు వడలిపోతే ఒక పువ్వులో రెండు అండాశయాలు ఏర్పడతాయి, మరుసటి ఏడు కాయలు జంటగా అతుక్కుని పుడతాయి. కాబట్టి కోత తర్వాత కూడా వేళ్ళ దగ్గర తడి ఆరనివ్వకండి. నడి మధ్యాహ్నం ఎండ నేరుగా పడే వైపు 30 శాతం నీడవల కడితే ఇంకా మంచిది. పొద్దు తగ్గి ఆకు పసుపుబారడం మొదలయ్యాక నీళ్ళు తగ్గించుకుంటూ పోవచ్చు.